ఎదురు వాల్వు

మా నాన్న తలకి ఆ పట్టీ కట్టింది నేనే. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. ఊళ్లో ఇంకెవరి నోటనో వింటే మీకు ఇంకోలా వినపడుతుంది. కంపెనీ కట్టిందనో, గవర్నమెంటు కట్టించిందనో చెప్పి తప్పించుకోవచ్చు, అందులో అబద్ధమూ లేదు. కానీ కుర్చీలో కూర్చోబెట్టి, చెవుల వెనక జిగురు రాసి, కదలకు నాన్నా అన్నది మాత్రం నేను.

మా నాన్న పేరు యోనా. వెలిగొండపేట మునిసిపాలిటీలో ముప్పై ఒక్క ఏళ్లు వాల్వుమ్యాన్‌గా చేశాడు. యోనా ఇల్లెక్కడంటే ఊళ్లో ఎవరూ చెప్పలేరు గానీ, నీళ్ల యోనా ఇల్లంటే చెయ్యి పట్టుకుని తీసుకొస్తారు. ఊరి మొత్తానికి నాలుగు వందల పన్నెండు వాల్వులు. ఏ రోడ్డు కింద ఏ గుంతలో ఏది ఉందో, ఎన్ని చుట్లు తిప్పితే ఏ వీధికి ఎంత నీళ్లు పోతాయో, అంతా ఆయన బుర్రలోనే ఉండేది. ఆఫీసులో మ్యాపు ఒకటి ఉంది లెండి. దాన్ని నమ్ముకుంటే నీళ్లు కాదుగదా చెమ్మ కూడా రాదని నాన్న నవ్వేవాడు.

ఆయన దగ్గర నాలుగడుగుల ఇనప కడ్డీ ఒకటి ఉండేది. తెల్లారగట్ల వాల్వు తిప్పే ముందు కడ్డీ ఒక కొస వాల్వు మీద పెట్టి, రెండో కొస చెవి వెనక ఎముకకి ఆనించి కళ్లు మూసుకునేవాడు. పైపు ఎక్కడ కారుతోందో, గాలి ఎక్కడ పట్టిందో, మట్టి ఎక్కడ పేరుకుందో ఆ చప్పుడులో తెలిసిపోయేది. వినకుండా తిప్పడమంటే పిలవకుండా ఒకళ్ల వంటింట్లోకి దూరినట్టేనమ్మా అనేవాడు నాతో. నా చిన్నప్పుడు ఆ కడ్డీ నా చెవికి కూడా పెట్టేవాడు. నాకు హోరు తప్ప ఏమీ వినపడేది కాదు.

కడ్డీని ఇంటికి తెచ్చేవాడు కాదు. కుమ్మరపాలెం మూల మీద నాంచారమ్మ ఇడ్లీ బండి కింద పెట్టేవాడు. నాంచారమ్మ పెద్ద నోరున్న మనిషి. తొలి వాయి ఇడ్లీ మా నాన్నకి పెట్టి గానీ బేరం మొదలుపెట్టేది కాదు. నువ్వు తిప్పితేనే నా పిండి గిన్నె తడిచేది, తిని చావు అని తిట్టి మరీ పెట్టేది. ఆమె బండి పక్కనే ఉన్న గుంతలోది ఎదురు వాల్వు.

ఆ సంగతి కూడా చెప్పాలి. లోకంలో ఏ వాల్వయినా కుడికి తిప్పితే మూసుకుంటుంది, ఎడమకి తిప్పితే తెరుచుకుంటుంది. మా ఊళ్లో ఏడు వాల్వులు మాత్రం తిరగబడ్డవి. తెల్లదొరల కాలంలో వేసిన లైను అది. అప్పుడు ఎక్కడి సామాను దొరికిందో, ఏ మహానుభావుడు బిగించాడో, ఆ ఏడూ కుడికి తిప్పితే తెరుచుకుంటాయి. మ్యాపులో ఆ ఊసే లేదు. నాన్నకి ఆయన గురువు చెప్పాడు, ఆ గురువుకి ఇంకెవరో చెప్పారు. ఏడింటిలో కుమ్మరపాలెం వాల్వే అన్నిటికన్నా మొండిది.

ఏడేళ్ల కిందట అప్పటి ప్రభుత్వం ఊరి నీళ్లని కంపెనీకి అప్పజెప్పింది. అప్పజెప్పే రోజు దండలు, బ్యాండు మేళం, అన్నీ అయ్యాయి. అయితే కంపెనీ ఒక షరతు పెట్టింది. పైపులూ మోటార్లూ ఇస్తే చాలదు, పని తెలిసిన వాళ్ల పనిముద్రలు కూడా ఇవ్వాలంది. నేను అప్పటికి మూడు నెలల కిందటే ఆ కంపెనీ ల్యాబులో టెక్నీషియన్‌గా చేరాను. ఊరి పాత ట్రావెలర్స్ బంగళాలో పెట్టారు ల్యాబు. మా పెద్ద డాక్టర్ ఇందుశేఖర్. మంచివాడే, ఈ కథలో చెడ్డవాళ్ల కోసం మీరు వెతక్కండి.

పనిముద్ర అంటే ఏమిటో మా అమ్మ లేయమ్మకి వంటింట్లో చెప్పినట్టే చెబుతాను. మనిషి ఒక పనిని గుర్తు చేసుకున్నప్పుడల్లా ఆ జ్ఞాపకం కాసేపు మెత్తబడి మళ్లీ గట్టిపడుతుంది, బెల్లం పాకం లాగా. మా పట్టీ చేసేదల్లా ఆ పాకాన్ని పదకొండు నిమిషాలు గట్టిపడకుండా ఆపి, దాని మీద అచ్చు తీసుకోవడం. ఆ అచ్చుని మిషన్‌లో పెడితే, వాల్వు మీద బిగించిన ఇనప చెయ్యి ఆ మనిషి తిప్పినట్టే తిప్పుతుంది. ఆ పని గురించి ఏదైనా అడిగితే మిషనే గొంతెత్తి చెబుతుంది కూడా. అచ్చు తీశాక ఒక్కటే నియమం. ఇరవై నాలుగ్గంటల పాటు ఆ మనిషి ఆ పని జోలికి పోకూడదు. చూడకూడదు, ముట్టకూడదు. అప్పుడే పాకం మళ్లీ గట్టిపడుతుంది. వేరే ఊళ్లలో నర్సుల దగ్గరా, కరెంటు లైన్‌మెన్ల దగ్గరా ఇలాగే తీశారు, ఎవరికీ ఏమీ కాలేదు. వాళ్లు సెలవిస్తే సెలవు తీసుకునే మనుషులు.

నాన్న మొదట ఒప్పుకోలేదు. యూనియన్ వాళ్లు వద్దన్నారు, అమ్మ కూడా వద్దంది. చివరికి ఒప్పుకున్నది నా మొహం చూసే. మా అమ్మాయి మిషను, మా అమ్మాయి మిషనని బజారంతా చెప్పుకుని మరీ వచ్చి కూర్చున్నాడు. కొత్త చొక్కా వేసుకొచ్చాడు ఆ రోజు.

రోజుకి పాతిక వాల్వులు. మొదట వాల్వు బొమ్మ తెర మీద చూపించేవాళ్లం. ఆయన చేతిలో వాల్వు తిప్పే ఉత్తుత్తి కీ ఒకటి పెట్టేవాళ్లం. నాన్న కళ్లు మూసుకుని తిప్పుతూ మాట్లాడేవాడు. ఇది కొంచెం ఏడుస్తుందమ్మా, ఇది నూనె అడుగుతుంది, దీని పక్కన చింతపండు గోడౌనుంది, ఎలకలు బాగా తిరుగుతాయి, చెయ్యి చూసుకుని పెట్టాలి. తెర మీద గీతలు పాకుతూ ఉండేవి. ఇందుశేఖర్ గారు నోరు తెరుచుకుని చూసేవాడు. ఇంత నిండుగా ఉన్న మనిషిని తను చూడలేదన్నాడు. నాకు గర్వంగా ఉండేది. ఆ గర్వం తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే రోత.

నాలుగో రోజో అయిదో రోజో, వేళ్లకి తీగలు అంటించబోతూ నాన్న అరచేతులు చూశాను. తుప్పు ఉంది. ఎర్రగా, గీతల్లోకి ఇంకి, తాజాగా ఉంది. పొద్దున్నే ఎక్కడికెళ్లావని అడిగాను. ఎక్కడికీ లేదమ్మా, అట్టా నడిచొచ్చానన్నాడు. అబద్ధం చెప్పడం రాని మనిషి, కళ్లు కిటికీ వైపు తిప్పేసుకున్నాడు.

నాకు తెలిసిపోయింది. కంపెనీ ఇంకా పూర్తిగా పగ్గాలు పట్టలేదు. పట్టాభి అని మునిసిపాలిటీ ఏఈ ఉన్నాడు, ఆయన నాన్నకి సెలవిచ్చి వాల్వుల దగ్గర కొత్తవాళ్లని పెట్టాడు. వాళ్లు తిప్పితే చివరి వీధులకి నీళ్లెక్కవు. నాన్నకి అది తెలుసు. నిన్న అచ్చిచ్చిన పాతిక వాల్వుల దగ్గరికే తెల్లారగట్ల వెళ్లి, కడ్డీ పెట్టి విని, తిప్పి వస్తున్నాడు. ముప్పై ఒక్క ఏళ్లలో వినకుండా ఒక్క తెల్లవారీ గడపని మనిషి, జనం బిందెలు పట్టుకుని నిలబడి ఉంటారని తెలిసి దుప్పటి కప్పుకుని పడుకోమంటే పడుకుంటాడా? ఇంకో ఉద్యోగం చేసే ఎవరూ చెయ్యని తప్పు అది. వాల్వుమ్యానే చేస్తాడు.

నేనేం చెయ్యాలి? లేచి వెళ్లి ఇందుశేఖర్ గారికి చెప్పాలి. చెబితే మొత్తం మళ్లీ మొదటి నుంచి తియ్యాలి. ఒకటో తారీఖుకి పని ముగించాలని పైనుంచి రోజుకి నాలుగు ఫోన్లు వస్తున్నాయి. మూడు నెలల ఉద్యోగం నాది. ఏమవుతుందిలే అనుకున్నాను. దూది స్పిరిట్‌లో ముంచి నాన్న అరచేతుల్లో తుప్పు తుడిచాను. ఫారంలో విశ్రాంతి అని ఉన్న చోట 'తీసుకున్నారు' అని రాశాను. అలా పన్నెండు రోజులు తుడిచాను, పన్నెండుసార్లు రాశాను.

చివరి అచ్చు అయిన వారం తర్వాత అమ్మ ల్యాబుకి వచ్చింది. ఎప్పుడూ గేటు దాటి రాని మనిషి. నాన్న మా వీధి వాల్వు దగ్గర కీ పట్టుకుని నిలబడి, ఇది ఎటు తిప్పాలే అని తనని అడిగాడని చెప్పింది. హాస్యమాడుతున్నాడనుకుని, నీ మొహం, అని వచ్చేసిందట. అరగంట తర్వాత వెళ్లి చూస్తే అలాగే నిలబడి ఉన్నాడట.

మిగతావన్నీ గుర్తున్నాయి. పెళ్లి, నా పుట్టినరోజు, సండే స్కూల్లో నేర్చుకున్న వాక్యాలు, ఎవరెవరితో గొడవపడ్డాడో, అన్నీ. వాల్వులు మాత్రం లేవు. పన్ను పీకిన చోటికి నాలుక వెళ్లినట్టు ఆయన చెయ్యి ఊరికే గాల్లో తిరుగుతూ ఉండేది. మళ్లీ నేర్పుదామని చూశాను. పొద్దున చెప్పిన అయిదు వాల్వులు సాయంత్రానికి ఉండేవి, మర్నాటికి ఉండేవి కావు. పాకం గట్టిపడడమే మర్చిపోయింది.

ఇందుశేఖర్ గారి కాళ్లు పట్టుకున్నంత పనిచేశాను. తుప్పు సంగతి కూడా చెప్పేశాను. ఆ అచ్చు మళ్లీ నాన్న తలలో పెట్టెయ్యండి సార్ అన్నాను. తియ్యడమే తెలుసు సువార్తా, పెట్టడం ఇంకా ఎవరికీ తెలియదన్నాడు. ఆ ఫారం విషయం ఎవరికీ చెప్పనని కూడా అన్నాడు. నన్ను కాపాడుతున్నానని అనుకున్నాడు పాపం.

తర్వాత ఆరేళ్లు ఊరికి నీళ్లు బ్రహ్మాండంగా వచ్చాయి. ఉన్నమాట చెప్పుకోవాలి కదా. ప్రతి గుంతలో ఒక ఇనప చెయ్యి, లోపల మా నాన్న. కుమ్మరపాలెం చివరి ఇంటికి కూడా రెండో అంతస్తు ఎక్కేవి. కంపెనీ గొప్పదని జనం, జనం మంచివాళ్లని కంపెనీ. నాన్నని మిగులు సిబ్బందిలో వేసి పార్కు గేటు దగ్గర కూర్చోబెట్టారు. పార్కులో కుళాయి ఉండేది. ఎవరైనా దాన్ని తిప్పి నీళ్లు తాగుతుంటే నాన్న ఆ చేతినే చూస్తూ ఉండేవాడని అమ్మ చెప్పేది.

మొన్న ఎన్నికల తర్వాత కొత్త ప్రభుత్వం వచ్చింది. బయటివాళ్ల చేతుల్లో మన నీళ్లేమిటి, వెనక్కి తీసుకుంటామంది. 'మన నీళ్లు – మన చేతులు' అని గోడల నిండా రాశారు. నేను ఎంత సంబరపడ్డానో మీకు చెప్పలేను. పైపులు వెనక్కొస్తే, ఆఫీసు వెనక్కొస్తే, నాన్నది నాన్నకి వెనక్కి రాదా? పెట్టడం తెలియకపోతేనేం, కనీసం ఆ అచ్చు ఊళ్లో ఉంటుంది, వాల్వుల్ని అదే తిప్పుతుంది, జనానికి ఏ లోటూ ఉండదనుకున్నాను. ఆ పిచ్చి ఆశతోనే అప్పగింతల జాబితా చదివాను. నలభై పేజీలు. పైపులు ఇన్ని, మోటార్లు ఇన్ని, బల్లలు, కుర్చీలు, గొడుగులు మూడు. ఇనప కీలు ఇరవై ఆరు. ముప్పై ఏడో పేజీలో పాత ఒప్పందం నకలు, అందులో ఒక వాక్యం, పనిముద్రలూ వాటితో నడిచే యంత్రాలూ కంపెనీ సొంతం, వాటిని తీసుకెళ్లడానికి ప్రభుత్వానికి అభ్యంతరం లేదని. కింద సంతకం ఏడేళ్ల కిందటిది. అప్పుడు పెట్టినవాళ్లు ఇప్పుడు ప్రతిపక్షం.

కంపెనీ వాళ్లు వారం రోజుల్లో ప్రతి గుంతలోంచీ ఇనప చేతులు పీక్కుని లారీలో వేసుకుని వెళ్లిపోయారు. ల్యాబు వేరే రాష్ట్రానికి తరలిపోయింది. నేను రాజీనామా చేశాను. ఏం సాధించానని అడక్కండి.

అప్పగింత రోజు మళ్లీ దండలు, మళ్లీ బ్యాండు మేళం. ఎమ్మెల్యే గారు నాన్న మెళ్లో బంతిపూల దండ వేసి, చేతికి కీ ఇచ్చి ఫోటో దిగారు. మన యోనా మన దగ్గరికి వచ్చాడని మైకులో అన్నారు. నాన్న ఎంత సంతోషపడ్డాడో. కీని బిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు. అమ్మ నా వైపు చూసింది, నేను అమ్మ వైపు చూశాను. చెప్పెయ్యాలి, ఈయనకి పని తెలియదని ఇప్పుడే పట్టాభి గారికి చెప్పెయ్యాలి అనుకున్నాను. చెబితే ఆ దండ తీసేస్తారు. నాన్న మళ్లీ పార్కు గేటు దగ్గరికి పోతాడు. ఎందుకిలా అయ్యిందని అడిగితే ఫారం బయటికొస్తుంది. పక్కన నాన్న కింద పనిచేసిన పాతవాళ్లు ఇద్దరున్నారు కదా, సర్దుకుపోతారులే అనుకున్నాను. ఏమవుతుందిలే అనుకోవడం అది రెండోసారి.

నెల తిరక్కుండానే కుమ్మరపాలెం కల్వర్టు దగ్గర డ్రైనేజీ పైపు పగిలింది. దాని మీదుగానే మంచినీళ్ల లైను పోతుంది, అదీ చిల్లిపడింది. నీళ్లు వాసనొస్తున్నాయని పొద్దున్నే నాంచారమ్మే ఫోన్ చేసింది. పైపు బాగయ్యే దాకా పాలేనికి లైను కట్టేసి ట్యాంకర్లు పంపిద్దాం, నువ్వెళ్లి వాల్వు మూసిరా యోనా అన్నాడు పట్టాభి గారు. పాతవాళ్లలో ఒకడు సెలవు, ఒకడు పంపుహౌస్‌లో ఉన్నాడు. నాన్న నన్ను తోడు రమ్మన్నాడు. ఎందుకని నేను అడగలేదు.

నాంచారమ్మ ఇడ్లీ పెట్టింది. ఎన్నేళ్లయిందయ్యా నువ్వీ గుంత మూత తీసి అని తిట్టింది. నాన్న మొహమాటంగా నవ్వి తిన్నాడు. తర్వాత గుంతలోకి కీ దింపి, నా వైపు చూశాడు.

ఎటు తిప్పాలో నాకు తెలుసనుకుంటున్నారు కదా మీరు? ఏడు ఎదురు వాల్వులున్నాయని తెలుసు. ఆ మాట నాన్న నోట వందసార్లు విన్నాను. ఏ ఏడో ఎప్పుడూ అడగలేదు. అడగాల్సిన అవసరం ఎప్పుడొచ్చింది, ఆయన ఉండగా? వాటిల్లో ఒకటి నాంచారమ్మ బండి పక్కనే ఉందని నాకు తెలిసింది మూడు రోజుల తర్వాత.

నాంచారమ్మ బండి కింద నుంచి కడ్డీ తీసిచ్చింది. ఆరేళ్లుగా గుడ్డ చుట్టి దాచిపెట్టింది. నాన్న దాన్ని వాల్వు మీద పెట్టి, చెవి వెనక ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు. చూడ్డానికి అచ్చం పాత నాన్నే. కళ్లు తెరిచి నాతో మెల్లగా అన్నాడు.

"వినపడుతోందమ్మా. ఏం చెబుతోందో తెలియట్లేదు."

ఏం చెయ్యగలం, కుడికి తిప్పాడు. లోకంలో ఏ వాల్వయినా కుడికే కదా మూసుకునేది. అప్పటిదాకా సగమే తెరిచి ఉన్న వాల్వు అది. తొమ్మిది చుట్లు సులువుగా తిరిగి ఆగింది. మూసేశానని పట్టాభి గారికి ఫోన్ చేసి చెప్పాడు, గొంతులో ఎంత గర్వమో.

ఆ సాయంత్రం కుమ్మరపాలెంలో కుళాయిలు ఎప్పుడూ లేనంత జోరుగా వచ్చాయట. రెండు రోజులు నీళ్లు రావని ఆటోలో మైకు పెట్టి చెప్పారు కదా, మరి వచ్చాయేమిటంటే, మన వాళ్ల చేతుల్లోకి వచ్చాక పని ఇంత చురుగ్గా జరుగుతోంది, అప్పుడే బాగుచేసేశారని జనం మెచ్చుకున్నారట. డ్రమ్ముల నిండా పట్టుకున్నారు. మర్నాడు పొద్దుటికి వాంతులు, విరేచనాలు. ఆ సాయంత్రానికి పెద్దాసుపత్రి వరండాలో అరవై మూడు మంది. వాల్వు మూసే ఉంది కదా, ఇదంతా పైపులో మిగిలిన పాత నీళ్లే అని పట్టాభి గారు ఒకటే మాట మీద ఉన్నాడు. ట్యాంకర్ నీళ్లు చాలక జనం అవే పట్టుకుంటూ పోయారు.

మూడో రోజు పొద్దున నాంచారమ్మ పోయింది. ఆమెకి వరండాలో కూడా చోటు దొరకలేదు, మెట్ల మీద పడుకోబెట్టారు. సెలైన్ సీసా నేనే పట్టుకుని నిలబడ్డాను. ఆ మనిషి చివర్లో కూడా, మీ అయ్య తిన్నాడా అని అడిగింది.

ఆమె చెయ్యి చల్లబడ్డాక నేను బయటికొచ్చి ఇందుశేఖర్ గారికి ఫోన్ చేశాను. నా గొంతు విని ఆయన భయపడ్డాడు. కుమ్మరపాలెం వాల్వు గురించి మా నాన్న ముద్రని ఒక్క మాట అడగనివ్వండన్నాను. మీ ఊరు మాది కాదిప్పుడు, రూల్సు ఒప్పుకోవన్నాడు. మనుషులు చచ్చిపోతున్నారు సార్ అన్నాను. ఆయన లేచి గది తలుపు వేసుకున్న చప్పుడు వినపడింది. తర్వాత, నువ్వు వాల్వు దగ్గరికి వెళ్లు, పది నిమిషాలు మాత్రం లైను కలుపుతానన్నాడు.

నాన్న అప్పటికే గుంత దగ్గర కూర్చుని ఉన్నాడు. రెండు రోజులుగా అక్కడే ఉంటున్నాడు, ఎందుకో ఆయనకీ తెలియదు. పట్టాభి గారు జీపు పక్కన నిలబడి కలెక్టర్ ఆఫీసుకి ఫోన్లో సంజాయిషీ చెప్పుకుంటున్నాడు. బండి మీద టార్పాలిన్ కప్పి ఉంది. నాంచారమ్మ సంగతి నాన్నకి ఇంకా చెప్పలేదు.

ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టాను. రైల్వే స్టేషన్లో ఫలానా రైలు వస్తోందని మైకు చెబుతుందే, అలాంటి మగగొంతు. ఏ వాల్వని అడిగింది. కుమ్మరపాలెం మూల మీదదన్నాను. ఎలా మూయాలన్నాను.

"అది ఎదురు వాల్వమ్మా," అంది ఆ గొంతు. "కుడికి తిప్పొద్దు. ఎడం పక్కకి తిప్పు, పద్దెనిమిది చుట్లు. పదహారో చుట్టు దగ్గర అలుగుతుంది, బిగుసుకుపోతుంది. భయపడి వదిలెయ్యొద్దు. ఒక్క గుక్క ఊపిరి పీల్చుకుని, బుజ్జగించినట్టు తిప్పు, వస్తుంది."

గొంతు ఎవరిదో, మాటలు మా నాన్నవి. అమ్మా అన్నది, బుజ్జగించమన్నది, ఒక్కొక్క ముక్కా ఆయనదే. ఎదురు వాల్వు అన్న మాట వినగానే పట్టాభి గారు ఫోన్ దించేశాడు. మూడు రోజుల కిందట మేమిద్దరం ఏం చేశామో ఆ ఒక్క మాటతో నాకు అర్థమైంది. నాన్నకి అర్థం కాలేదు. దేవుడి దయ అనాలో ఏమనాలో నాకు తెలియదు.

నాన్న కీ అందుకున్నాడు. ఎడమకి తిప్పాడు. నేను పైకి లెక్కపెట్టాను. పదహారు దగ్గర కీ ఆగిపోయింది. నాన్న నా వైపు చూశాడు. ఒక్క గుక్క ఊపిరి పీల్చుకున్నాడు. తర్వాత, మెల్లగా, మొండికేసిన దూడని లాగినట్టు లాగాడు. తిరిగింది. ఇంకోటి. కింద ఎక్కడో హోరు సన్నబడి ఆగిపోయింది.

"ఆగాయా నీళ్లు?" అంది గొంతు. "కడ్డీ పెట్టి విను, లోపల ఇంకా గొణుగుతుంటే ఇంకో పావు చుట్టు తిప్పు. కడ్డీ కోసం ఎక్కడా వెతకొద్దు, నాంచారమ్మ బండి కింద ఉంటుంది. అడిగితే ఇస్తుంది. ముందు ఇడ్లీ తినమంటుంది, తిను, లేకపోతే ఊరుకోదు."

నేను స్పీకర్ కట్టెయ్యబోయాను. నాన్న వంగి టార్పాలిన్ కింద చెయ్యి పెట్టి కడ్డీ తీసుకున్నాడు. వాల్వు మీద పెట్టి విన్నాడు. నిశ్శబ్దం ఆయనకి కూడా తెలిసింది కాబోలు, తలూపాడు. ఫోన్ వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. చిన్నప్పుడు తన గురువు గురించి చెప్పేటప్పుడు ఆయన కళ్లల్లో అదే చూపు ఉండేది.

"ఎవరమ్మా ఆయన?" అన్నాడు.

ఫోన్లో లైను తెగిపోయింది, పది నిమిషాలూ అయిపోయినట్టున్నాయి.

నాన్న కడ్డీకి గుడ్డ చుట్టి, దాని చోట దాన్ని పెట్టి లేచాడు. మోకాళ్ల మట్టి దులుపుకున్నాడు. జీపు దగ్గర తల పట్టుకుని కూర్చున్న పట్టాభి గారి వైపు చూసి, ఆయనకి వినపడకుండా నాతో అన్నాడు.

"పని తెలిసిన మనిషమ్మా. ఇలాంటోణ్ణి బయట ఎందుకు వదిలేశారు? మన మునిసిపాలిటీలోకి తీసుకోమని ఏఈ గారికి నువ్వు చెప్పు. కావాలంటే నా పోస్టు ఇమ్మను."

చెబుతాను నాన్నా అన్నాను.